నడిచే ఆటకి బండెందుకు?

మా రోజుల్లో బంతిని కొట్టి బండెక్కే మనిషిని చూస్తే ఒంట్లో నలతగా ఉందేమో పాపం అనుకునేవాళ్ళం. ఇప్పుడు నడిచేవాణ్ణి చూసి అలా అనుకుంటున్నారు. ఆమధ్య మా మేనల్లుడు ఓ పెద్ద నగరం శివార్లలో కొత్త గోల్ఫ్ కోర్సుకి తీసుకెళ్ళాడు. పేరెందుకులెండి. కౌంటర్లో కుర్రాడు "బగ్గీ కంపల్సరీ అంకుల్" అన్నాడు. కాళ్ళు బానే ఉన్నాయి బాబూ, నడుస్తానంటే వాడు నవ్వేసి, "నడవలేరంకుల్, రెండో గ్రీన్‌కీ మూడో టీకీ మధ్య విల్లాలున్నాయి, రోడ్డుంది" అన్నాడు. వాణ్ణి అనడానికేం లేదు, ఉన్నమాట చెప్పాడు. నాకు మండింది ఆ నేల మీద గీతలు గీసినవాడి మీద.

అమలాపురం వాడికి గోల్ఫేంటండీ అని మీరడగొచ్చు. మా కోనసీమలో కొబ్బరి తోటలున్నాయి, వరి చేలున్నాయి, చేపల చెరువులున్నాయి, గోల్ఫ్ కోర్సు మాత్రం లేదు. నేను ఉద్యోగం వెలగబెట్టింది విశాఖపట్నంలో. అక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు 1884 నాటిది. దొరల కాలంలో మొదలై, ఇప్పుడు ముడసర్లోవ దగ్గర కొండల పక్కన ఉంది. ప్రొఫెషనల్ ఆటగాళ్ళ వైజాగ్ ఓపెన్ కూడా అక్కడ జరిగింది. మా ఆఫీసు పెద్దాయనకి ఈ ఆటంటే పిచ్చి. జట్టుకి ఓ మనిషి తక్కువై నన్ను లాక్కెళ్ళారు, అలా అంటుకుంది. అప్పట్లో మన దేశంలో నీళ్ళు చాలని కోర్సులకి గ్రీన్లుండేవి కావు, బ్రౌన్లుండేవి. ఇసకలో నూనె కలిపి, చదును చేసి, మధ్యలో కన్నం పెట్టేవాళ్ళు. బంతి దొర్లిన గీత ఇసక మీద కనిపించేది. మన ఆటయ్యాక ఆ గీతలు చెరిపి వెళ్ళడం మర్యాద. నేను మొదట్లో ఆడిన అలాంటి చోట బ్రౌన్ దిగి నాలుగడుగులేస్తే తర్వాతి టీ. చెప్పుకుంటున్న కబురు చెప్పుకుంటుండగానే తర్వాతి హోల్ మొదలయ్యేది.

ఆట తెలియనివాళ్ళకి ఓ ముక్క. టీ అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు. గ్రీన్ అంటే కన్నం ఉన్న నున్నటి గడ్డి. మధ్యలోది ఫెయిర్‌వే. ఈ మూడూ కలిస్తే ఒక హోల్. ఇలాంటివి పద్దెనిమిది. అన్నీ కలిపి ఆరు వేల గజాల పైమాట, వంకరటింకర నడకతో ఎనిమిది కిలోమీటర్లు తేలిగ్గా దాటుతుంది. ఆటకి పట్టే నాలుగు గంటల్లో బంతిని కొట్టే సమయం నిమిషాల్లో చెప్పొచ్చు, మిగతాదంతా నడకే. కాబట్టి కోర్సు గీసేవాడు ముందు చూసుకోవాల్సింది ఏ గ్రీన్ తర్వాత ఏ టీ, మనిషి ఎటు నుంచి ఎటు పోతాడు అన్నది. ఇసక గుంటలెక్కడ, చెరువెక్కడ అన్నది ఆ తర్వాతి సంగతి. ఇప్పటివాళ్ళు ముందు క్లబ్ హౌస్ బొమ్మ గీస్తున్నారు.

పాతవాళ్ళు ఎంత దగ్గరగా పెట్టుకున్నారో వినండి. 1744లో స్కాట్లండ్‌లో, ఎడింబరో పక్కన లీత్ అనే చోట ఆటగాళ్ళు 13 నిబంధనలు రాసుకున్నారు. ఈ ఆటకి దొరికిన రాత నిబంధనల్లో అవే పాతవి. వాటిలో మొట్టమొదటిది ఏమిటంటే, అయిపోయిన కన్నానికి ఒక కర్ర పొడవు లోపలే బంతి పెట్టి తర్వాతి హోల్ మొదలెట్టాలని. కన్నంలోంచి చిటికెడు ఇసక తీసి, చిన్న గుట్ట చేసి, దాని మీద బంతి పెట్టి బాదేవారు. అంటే మధ్యలో నడక లేనే లేదు. దానివల్ల కన్నం చుట్టూ నేల గుల్లయిపోతోందని మెల్లమెల్లగా టీని దూరం జరిపారు, పంతొమ్మిదో శతాబ్దంలో దానికంటూ వేరే చోటు పెట్టారు. ఆ జరపడం న్యాయమే. అయినా జరిపినవాళ్ళకి అదుపుండేది.

అదుపుండేదని ఎందుకంటున్నానంటే, అమెరికాలో అగస్టా నేషనల్ కోర్సుని ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి గీసిన అలిస్టర్ మెకంజీ అనే ఆయనున్నాడు. చదివింది డాక్టరీ, చేసింది కోర్సులు గీయడం. 1920లో ఆయన పుస్తకం అచ్చయింది. మంచి కోర్సుకి ఉండాల్సిన లక్షణాలు చెప్పాడందులో. ఇక్కడా పదమూడే! గ్రీన్ నుంచి తర్వాతి టీకి నడక కొంచెమే ఉండాలన్నాడు, ఆ కొంచెమూ ముందువైపుకే ఉండాలన్నాడు. ముందుకే ఎందుకట? రేప్పొద్దున హోల్ పొడుగు పెంచాల్సి వస్తే టీని ఆ ఖాళీలోకి, గ్రీన్ వైపుకి జరుపుకోవచ్చు. హోల్ పెరుగుతుంది, నడక తగ్గుతుంది. డాక్టరు బుర్ర అంటే అదీ.

ఇప్పుడో? బంతులు, కర్రలు మారిపోయి కుర్రాళ్ళు కొడుతుంటే బంతి ఎక్కడ పడిందో కనపడటం లేదు. దాంతో టీలు వెనక్కి, ఇంకా వెనక్కి. గ్రీన్ దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచి, అక్కణ్ణుంచి మళ్ళీ ముందుకి కొట్టాలి. ఆ మెకంజీ గీసిన అగస్టాయే ఇప్పుడు 7,500 గజాలు దాటింది. అక్కడి పదమూడో హోల్ టీని వెనక్కి నెట్టడానికి పక్క క్లబ్బు నేల కొన్నారు, 2023లో మాస్టర్స్ పోటీకి 35 గజాలు పెంచారు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో కూడా పెద్ద పోటీలకి కొన్ని టీలు హద్దు దాటి పక్క నేలలోకి పోయాయి. ఈ రోగం తెలిసే, ఆట నిబంధనలు చూసే రెండు సంస్థలూ బంతి దూరానికి కళ్ళెం వేస్తామని 2023 డిసెంబరులో ప్రకటించాయి. సరే, ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టే ఆటగాళ్ళ కోసం అగస్టా వాళ్ళు ఏమైనా చేసుకోనివ్వండి. మన దగ్గర కొత్తగా కోర్సు కట్టే ప్రతివాడికీ అదే దురద దేనికి? వాడి కోర్సులో ఆడేది అరవయ్యేళ్ళ కాంట్రాక్టర్లు. ఆ వెనక టీ మీద నిలబడి ఫొటో దిగుతారు తప్ప కొట్టరు.

దీనికంటే పెద్ద పాపం ప్లాట్ల వ్యాపారానిది. హోల్స్ అన్నీ పక్కపక్కన ఒద్దికగా పెట్టుకుంటే నేల తక్కువ పడుతుంది, నడక తగ్గుతుంది, నీళ్ళ పైపులూ తగ్గుతాయి. కానీ రెండు ఫెయిర్‌వేలు ఆనుకుని ఉంటే మధ్యలో ప్లాటు పడదు. అదే వాటిని విడదీసి, ఒక్కోదానికి రెండు పక్కలా వరసగా స్థలాలు వేస్తే అన్నిటికీ "గోల్ఫ్ వ్యూ" రేటు. అందుకని పద్దెనిమిది హోల్స్‌నీ కాలనీ అంతా తిప్పుతారు. గ్రీన్ అయిపోయాక ఓ సందు, ఓ సిమెంటు రోడ్డు, ఎవరిదో పెరటి గోడ, వాళ్ళ కుక్క, ఆ తర్వాత టీ. బగ్గీ లేకపోతే ఆ కోర్సు చచ్చిపోతుంది. అది తెలిసే బగ్గీ కంపల్సరీ అంటారు, దాని అద్దె వేరే రాస్తారు. బ్రోచర్లో మాత్రం ప్రకృతి ఒడిలో అని ఉంటుంది.

హైదరాబాదులో పీటర్ హారడైన్ గీసిన బౌల్డర్ హిల్స్ లాంటి చోట, ఆ రాతిగుట్టల ఎత్తుపల్లాల్లో ఎవరైనా బగ్గీ అడిగితే నేను అర్థం చేసుకుంటాను. ఎవరూ లారీతో తెచ్చి పోసిన గుట్టలు కావవి. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు కోర్సు మరో తరహా. గోల్కొండ నయా ఖిలా గోడల మధ్య ఉంది, పక్కనే హథియాన్ కా ఝాడ్ అనే ఏనుగంత బావోబాబ్ చెట్టుంది. కుతుబ్ షాహీల నాటి నేల మీద ఆట పెట్టడమేమిటని, చెట్టూ బురుజులూ చూడ్డానికి జనాన్ని తేలిగ్గా రానివ్వడం లేదని వారసత్వం గురించి పట్టించుకునేవాళ్ళు ఏళ్ళ తరబడి గొడవ చేస్తూనే ఉన్నారు. ఆటగాడినైనా నా ఓటు వాళ్ళకే. సెయింట్ ఆండ్రూస్‌లో ఆదివారం ఓల్డ్ కోర్సులో ఆట బంద్. ఊళ్ళోవాళ్ళు పిల్లల్నీ కుక్కల్నీ వేసుకుని ఆ ఫెయిర్‌వేల మీద షికార్లు చేస్తారు. మామూలు రోజుల్లోనూ మొదటి, ఆఖరి ఫెయిర్‌వేలకి అడ్డంగా జనం నడిచే బాటుంది. ప్రపంచంలోకెల్లా పేరున్న కోర్సుకి పోని పరువు మన క్లబ్బులకి పోతుందా?

నాకీ నడక పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే మా ఊరి నుంచేనండి. మా చిన్నప్పుడు కోనసీమంతా ఒక నడక, ఒక రేవు, మళ్ళీ నడక. కాలవ గట్టెక్కితే ఆ గట్టు మనల్ని పుంతలోకి దింపేది, పుంత చేనుగట్టు మీదికి పంపేది, బోదె అడ్డం వస్తే తాటిదుంగ పడేసి ఉండేది. గోదావరి పాయ దగ్గరికొచ్చేసరికి పడవ. అవతల దిగిన చోటే మళ్ళీ బాట. ఎక్కడా ఎటెళ్ళాలని నిలబడి ఆలోచించే పని లేదు. ఏ ఇంజినీరూ గీయని దారులవి, తరాల పాటు కాళ్ళు పడి పడి అయినవి. బాటసారులకి ఆకలేస్తే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి పంక్తి ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. ఆవిడ 1909లో పోయారు, అక్కడ గోదావరి పాయ వైనతేయ మీదున్న అక్విడక్టుకి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది.

ఎవరి కొబ్బరితోటలోంచి నడిచిపోయినా అప్పట్లో అడిగినవాడు లేడు. పైగా "ఎవరబ్బాయివిరా, బొండం తాగెళ్ళు" అనేవారు. ఇప్పుడు తోటకో ప్రహరీ, ప్రహరీకో ఇనప గేటు, గేటుకో కెమెరా. కాలవ గట్టు మీద నడుద్దామంటే వెనకనుంచి మోటారు సైకిలు హారను. వంతెనలొచ్చాయి, సంతోషం. ఎదుర్లంక వంతెన వచ్చాక యానాం వెళ్ళడానికి పడవ కోసం పడిగాపులు తప్పాయి, నేనూ దాని మీదే వెళ్తాను. కానీ పక్క వీధికి కూడా బండి తీసే అలవాటు దాంతోపాటు ఎందుకు రావాలో నాకు తెలియదు. జగ్గన్నతోట ప్రభల తీర్థం ఒక్కటి మిగిలింది. కనుమ నాడు ఏకాదశ రుద్రుల ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ, పచ్చని వరిచేలలోంచి, కౌశిక నది దాటి తెస్తారు. చేను తొక్కారని ఏ రైతూ కేక వెయ్యడు. లారీ మీద పెట్టి తారు రోడ్డున తీసుకురండ్రా అని ఎవడైనా సలహా ఇస్తే మా వాళ్ళు వాణ్ణి కౌశికలో ముంచుతారు.

నడవలేనివాళ్ళ మాటేమిటని అడుగుతారు. వాళ్ళకి బండివ్వాల్సిందే. కేసీ మార్టిన్ అని అమెరికా ఆటగాడు, కాలి జబ్బుతో నడవలేక, పోటీల్లో బండి వాడనివ్వమని కోర్టుకెళ్ళాడు. 2001లో అక్కడి సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా అతని పక్షానే తీర్పిచ్చింది. సరైన తీర్పు. ఆ దేశంలోనే ఆరెగాన్ తీరాన 1999లో తెరిచిన బాండన్ డ్యూన్స్‌లో ఆరోగ్యం బాగోనివాళ్ళకి తప్ప బండి ఇవ్వరు, అయినా జనం ఎక్కడెక్కడి నుంచో ఎగబడి వెళ్తున్నారు. కాబట్టి నడక పెడితే జనం రారన్న మాట నాకు చెప్పకండి. పైగా బండి వచ్చిన చోట క్యాడీ పోతాడు. సంచి మోస్తూ, నేల చదువుతూ, అయ్యగారికి ఏ కర్ర తియ్యాలో చెప్తూ ఆట నేర్చుకున్న పిల్లలు మన దేశంలో పెద్ద ఆటగాళ్ళయ్యారు. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. బగ్గీ స్టీరింగు పట్టుకుని ఎవడు నేర్చుకుంటాడండీ?

ఇప్పుడు అసలు సంగతి. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. "మావయ్యా, దిండి దగ్గర గోదావరి ఒడ్డున రిసార్టుతో పాటు గోల్ఫ్ కోర్సు వేస్తే అదిరిపోతుంది, నువ్వు సలహాదారు" అంటున్నాడు. ఒరేయ్ అబ్బాయ్, 1986 ఆగస్టు వరద నాకు గుర్తుంది, 2022 జులైలో లంకలు మునగడం నువ్వూ టీవీలో చూశావు. గునపం దింపితే నీళ్ళొచ్చే నేల మాది. కోర్సు వెయ్యాలంటే చెరువులు తవ్వి ఆ మట్టితో మెరక చెయ్యాలి, వరి పండే నేల పోవాలి. అలా పోయేట్టయితే ఒక్క ఎకరం కూడా వద్దు.

వరి పండని మెరక ఎక్కడైనా దొరికి, తొమ్మిదంటే తొమ్మిది హోల్స్ వేసేట్టయితే నావి రెండు షరతులు. గ్రీన్ దిగాక తర్వాతి టీ ఇరవై ముప్ఫై అడుగుల్లో ఉండాలి, మధ్యలో ఒక్క ప్లాటు పడకూడదు. ఆదివారం ఆట ఆపి, గేట్లు తీసి ఊరి జనాన్ని నడవనివ్వాలి. ఈ రెండూ కాగితం మీద రాసి సంతకం పెట్టేవాడుంటే పంపించు, టీ గుర్తులకి కర్రలు నేనే పాతిస్తాను. లేదంటే డాలస్‌లోనే ఆడుకో నాయనా, మా గట్లు మాకు వదిలెయ్.