సందర్భం రాయని హ్యాకర్

వేంసూరులో తెలుగు పండితుడిగా రిటైరైన మాస్టారి ఫోను తెల్లవారుజామున అయిదింటికి మోగిందంటే కారణాలు రెండే. పామాయిల్ తోటలో మోటారు కాలిపోయి ఉండాలి, లేదా బావమరిది వాట్సాప్‌లో ఏదో పంపి ఉండాలి.

ఆవేళ మోటారు బాగానే ఉంది. జేడెన్ కె. స్మిత్ అనేవాడి నుంచి ఫ్రెండ్ రిక్వెస్ట్ వస్తే ఒప్పుకోవద్దట, వాడు హ్యాకరట, తెలిసినవాళ్ళలో ఒక్కరు ఒప్పుకున్నా మన అకౌంటూ వాడి చేతిలోకే పోతుందట. మాస్టారు చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ టీకొట్టుకి వెళ్ళి అక్కడున్నవాళ్ళందరికీ చెప్పారు. సత్తుపల్లి బొగ్గుగనిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన కుర్రాడు గ్లాసు ఊదుకుంటూ, "స్మిత్ గారంటే ఎవరి తాలూకు మాస్టారూ? మర్లపాడు వాళ్ళా?" అన్నాడు.

సెలవులకి వచ్చిన మనవరాలు నవ్వాపుకోలేకపోయింది. "తాతయ్యా, ఈ స్మిత్ 2017 జూలైలోనే లోకమంతా తిరిగేశాడు. అసలు అలాంటివాడే లేడు." రిక్వెస్ట్ ఒప్పుకున్నంత మాత్రాన అకౌంటు ఎవరి చేతికీ పోదు. పాస్‌వర్డో ఓటీపీయో మనం చెప్పాలి, లేదా వాడు పంపింది ఏదో మన ఫోన్లో ఎక్కించుకోవాలి. స్మిత్ కంటే ముందు ఇదే హెచ్చరిక వేరే పేర్లతో తిరిగింది. శుభలేఖ అచ్చు అదే, వరుడి పేరే మారింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళు పిల్లల చేత సందర్భసహిత వ్యాఖ్యలు రాయించిన మనిషి! ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు అన్నవి రాయనివాడికి అరమార్కు కూడా వెయ్యనివాడు, ఊరూ పేరూ తేదీ లేని కాగితానికి చదవకుండానే నూటికి నూరు వేశాడు. ఆ మధ్యాహ్నం ఎర్రపెన్ను తీసి మనవరాలి చేత పాతవన్నీ వెతికించారు.

మొదటి పేపరు 1994 నాటిది. 'గుడ్ టైమ్స్' అనే పేరుతో ఈమెయిల్ వస్తే తెరవొద్దు, కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టేస్తుంది అని. సాక్షిగా అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పేరు. ఆ సంస్థ పని రేడియో, టెలిఫోను వ్యవహారాలు. వైరస్ హెచ్చరికలు జారీచేయడం దాని కొలువు కాదు. "సాక్షి సరే, సంబంధం ఏదిరా?" అని మాస్టారు సున్నా చుట్టారు. 2006లో ఒలింపిక్ కాగడా హార్డ్‌డిస్కుని కాల్చేస్తుందన్నదానికి సీఎన్ఎన్, మైక్రోసాఫ్ట్ రెండూ సాక్షులే. పెద్దమనుషుల పేర్లు ఎంత ఎక్కువైతే మాస్టారి సున్నా అంత గుండ్రంగా వచ్చింది.

ఎలుగుబంటి దగ్గర మాత్రం ఆయన పెన్ను ఆగిపోయింది. భద్రాచలం అడవి వైపు జనానికి ఎలుగుబంటి కొత్త కాదుగానీ, ఇది కంప్యూటర్‌లో కూర్చున్నది. 2002లో వచ్చిన ఉత్తరం ప్రకారం ఒక ఫైలు మీద బుజ్జి ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, అదే వైరస్, పద్నాలుగు రోజులు నిద్రపోయి లేస్తుంది, నార్టన్, మెకాఫీ యాంటీవైరస్‌లకి కూడా చిక్కదు, వెతికి తీసెయ్యండి. జనం వెతికారు. ఉంది! ఎందుకుండదు, విండోస్‌తో పాటు మైక్రోసాఫ్ట్ వాళ్ళు పెట్టిందేనాయె. సొంత చేతులతో దాన్ని తీసేసి, స్నేహితులకి క్షమాపణలు చెప్పుకుని, వాళ్ళ చేత కూడా తీయించారు. ఆ వైరస్‌కి కోడు ఒక్క అక్షరం కూడా అక్కర్లేకపోయింది.

మాస్టారికి పాత పోస్టుకార్డులు గుర్తొచ్చాయి. ఏడుకొండలవాడి మహిమ రాసి ఇరవై ఒక్కమందికి పంపితే లాటరీ, చింపితే అరిష్టం. కార్డు పదిహేను పైసలున్న రోజుల్లో ఆ భక్తికి 3 రూపాయల 15 పైసలయ్యేది, చెయ్యి నొప్పి అదనం. ఇప్పుడు బొటనవేలు చాలు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ పుకార్లు లేచి అమాయకులు దెబ్బలు తింటుంటే, గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా జానపద కళాకారుల చేత పాటలు పాడించి నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక ఫార్వర్డుని అయిదు చాట్లకి మించి పంపనివ్వనంది. ఇరవై ఒకటి అయిదుకి దిగింది.

అసలు దొంగ మాత్రం ఇంత గోల చెయ్యడు. ట్రాఫిక్ చలానా అనో పీఎం కిసాన్ అనో చక్కటి పేరు పెట్టుకుని, చివర ఏపీకే తోక తగిలించుకుని వస్తాడు. నొక్కి ఎక్కించుకుంటే మన ఓటీపీలు వాడే చదువుకుంటాడు. 'పదిమందికి చెప్పండి' అని బతిమాలడు. వాడి గురించి చెప్పుకోవాల్సింది సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి.

ఇదంతా మాస్టారు గుండ్రటి అక్షరాలతో ఒక పేజీ రాసి, మనవరాలి చేత టైపు చేయించి బావమరిదికి పంపారు. మూడో రోజు తెల్లవారుజామున అయిదింటికి ఫోను మోగింది. డాలస్‌లో ఉన్న మేనల్లుడు. జంట బాణాల గుర్తుతో ఒక సందేశం, పైన 'ఖమ్మం ప్రొఫెసర్ సంచలన హెచ్చరిక', కింద 'వెంటనే అందరికీ పంపండి', ఆ కింద అతని ప్రశ్న: "మామయ్యా, ఇది నిజమేనా?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచీ చదివారు. మధ్యలో ఉన్నవన్నీ తన వాక్యాలే. రాసిందెవరో లేదు, ఎవరికి రాసిందో లేదు. తేదీ అయితే ఆయనే వెయ్యడం మర్చిపోయారు.

ఎర్రపెన్ను కోసం జేబు తడుముకున్నారు.