మాదాపూర్ బాబాయి

మా ఇళ్లల్లో ఎవరికి ఇంజనీరింగ్ సీటొచ్చినా స్వీట్ బాక్సు వెనకాలే మాదాపూర్ బాబాయి దిగుతాడు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టూ బండరాళ్లే ఉండేవనీ, తాను ఆ రాళ్ల మధ్య నుంచే పైకొచ్చాననీ మొదలుపెడతాడు. నిజమే. మధ్యలో ఎం-వన్ లెక్కల పేపరు సప్లీ రాసిన సంగతి మాత్రం పిన్ని చెప్పాలి.

మొన్న మా తమ్ముడు దొరికాడు. వాడు రెండేళ్లు ఇంటర్ హాస్టల్లో బెల్లు కొడితే లేచి, బెల్లు కొడితే తిని, బెల్లు కొడితే చదివినవాడు. ఇంజనీరింగ్ కాలేజీలో ఆ బెల్లు లేదు. పొద్దున్నే లేపేవాళ్లు లేరు, వారం వారం టెస్టు పెట్టి ఎక్కడ తప్పావో చూపించేవాళ్లు అసలే లేరు. వాడి దిగులు అది. బాబాయి దిగులు వేరు.

"గిట్‌హబ్ తెరిచావా? లీట్‌కోడ్‌లో రోజుకెన్ని కొడుతున్నావ్?"

"క్లాసులు మొదలై వారమేగా బాబాయ్!"

"అంటే వారం వేస్టు చేశావన్నమాట."

బయోడైవర్సిటీ జంక్షన్‌లో బాబాయి కారు ఆగిందంటే వాడికి ఫోనే. అక్కడి ట్రాఫిక్ సంగతి తెలిసినవాళ్లకి వాడి అవస్థ వేరే చెప్పక్కర్లేదు. ఏఐ వచ్చింది కాబట్టి సీ లాంగ్వేజ్ దండగని సోమవారం చెప్తాడు. ఏఐ వచ్చింది కాబట్టే సీ గట్టిగా పట్టాలని గురువారం. హ్యాకథాన్లకి కూడా తరిమాడు. తీరా చూస్తే అటెండెన్స్ అరవై ఎనిమిది! జేఎన్‌టీయూహెచ్ లెక్కలో 75 శాతం ఉండాలి. 65 దాకా అయితే ఒంట్లో బాలేదని కాగితం పెట్టి కండొనేషన్ ఫీజు కట్టుకోవచ్చు, అంతకీ తగ్గితే పరీక్షే రాయనివ్వరు. ఇంత ముఖ్యమైన ముక్క బాబాయి పంపిన పీడీఎఫ్‌ల గుట్టలో ఒక్కదాంట్లోనూ లేదు.

అలాగని తిట్టి ఊరుకోలేం. డ్రాయింగ్ పరీక్ష ముందు అమెరికా కాల్ ముగించుకుని, అర్ధరాత్రి వేళ లుంగీలోనే వచ్చాడు మహానుభావుడు. డ్రాఫ్టర్ బోర్డుకి బిగించి, ఐసోమెట్రిక్ వ్యూ గీయించాడు. గీతలు కలవకపోతే "నాకూ ఇక్కడే బుర్ర తిరిగేదిరా" అన్నాడు. అంతే, మావాడు నోరు తెరిచి డౌట్లు అడగడం మొదలుపెట్టాడు. తెల్లవారుజాము దాకా కెరీర్ అన్న మాటే రాలేదు ఆ ఇంట్లో.

డ్రాయింగ్ పాసయ్యాడు. "రోజుకి రెండు లీట్‌కోడ్ మహిమ" అని బాబాయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మొదటి చప్పట్లు మా తమ్ముడివే.