తెర బారెడు, మెనూ మూడు గీతలు

ఫోన్‌లో సరిగ్గా కనబడని సైటుకు ఫోన్ వెతుకులాటలో ర్యాంకు తగ్గించే పద్ధతిని 2015 ఏప్రిల్ 21 నుంచి గూగుల్ అమలు చేయడం మొదలెట్టింది. మరుసటేడు ఇంకో మెట్టెక్కి, ఏ సైటునైనా ఇకపై దాని మొబైల్ రూపం చూసే అంచనా వేస్తానంది. 2023 అక్టోబరులో ఆ పని పూర్తయిందనీ ప్రకటించింది.

అంతే, ర్యాంకు భయంతో సైట్లవాళ్లు డెస్క్‌టాప్‌కు నీళ్లొదిలేశారు. 24 అంగుళాల మానిటర్ ముందు కూర్చుంటే నడుమ జానెడు వెడల్పున అక్షరాలు, అటూ ఇటూ తెల్లటి మైదానం. ఒకప్పుడు పైన వరుసగా కనబడిన విభాగాలన్నీ మూలనున్న మూడు గీతల్లో దూరి తలుపేసుకున్నాయి. బొటనవేలి కోసం బలిసిన బటన్ల మీద మౌస్ బాణం పెళ్లిపందిట్లో తప్పిపోయిన పిల్లాడిలా తిరుగుతోంది. ఇక రైళ్ల వేళలు చూడబోతే, గడుల పట్టిక మాయం! ఒక్కో రైలుకు ఒక్కో కార్డు. రెంటినీ పోల్చాలంటే కిందికి జరుపుతూ, మొదటిది బట్టీ పట్టాలి.

నింద మొత్తం గూగుల్ నెత్తిన వేయలేం లెండి. తెర వెడల్పును బట్టి అమరిక మార్చుకోండనే అది చెబుతోంది. పెద్ద తెరకు తగ్గట్టు సర్దడం కొంచెం అదనపు పని. దాన్ని ఎగ్గొట్టి ‘మొబైల్ ఫస్ట్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

అన్నట్టు, ఈ డిజైన్లు గీసే ఆఫీసుల్లో మాత్రం ఒక్కొక్కరి బల్ల మీద రెండేసి మానిటర్లు!