నేను నారాయణగిరి శిఖరాన్ని

తిరుమల కొండల్లో అన్నిటికన్నా ఎత్తు నేనే. సముద్రమట్టానికి సుమారు 1,100 మీటర్లు. స్వామి మొదట అడుగు మోపింది నా మీదేనని నమ్మి, శ్రీవారి పాదాలు చూడ్డానికి జనం వస్తుంటారు. చుట్టూ ఉన్న అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనమైంది. ఎర్రచందనం చెట్లు, రాతి సందుల్లో దూరే బంగారు బల్లులు నా ఇరుగుపొరుగు.

వచ్చేవాళ్లలో బందరు, గుడివాడ, దివిసీమ వాళ్లను ఇట్టే పోల్చుకుంటాను. రాయి కనబడితే చాలు, తడిమి చూస్తారు. వాళ్ల ఊళ్లలో ఎంత లోతు తవ్వినా మన్నే మరి.

ఇక్కడ రాళ్లు పేరిస్తే సొంతిల్లు అమరుతుందని ఒక నమ్మకం. ఓ పొద్దున నాగాయలంక నుంచి వచ్చిన పెద్దావిడ మనవడి చేత పలకరాళ్లు ఏరిస్తోంది.

“మనకి ఇల్లుందిగా అమ్మమ్మా?”

“ఇది నీకురా. మా నాన్న కట్టిన మట్టిల్లు ఉప్పెనలో కొట్టుకుపోయింది. తెల్లారేసరికి అరుగు కూడా మిగల్లేదు.”

1977 నవంబరు 19 సంగతి అది. సముద్రం దివిసీమ మీద పడి వేలమందిని మింగింది. ఆవిడ ఆఖరి రాయి పెట్టి, అరచేత్తో అదిమి, “ఇది కదలదురా, రాయి!” అంది.

ఆ మాటకు నాకు మొహమాటం వేసింది. నూట యాభై కోట్ల ఏళ్లకు ముందు నేనూ సముద్రపొడ్డు ఇసుకనే. పొరమీద పొర పడి, పైబరువుకు నలిగి, రేణువుకు రేణువు అతుక్కుని క్వార్ట్‌జైట్‌నయ్యాను. ఆనాటి నీళ్లు గీసిన చారలు మా పలకల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ తర్వాత ఎండా వానా నన్ను తినడం మొదలుపెట్టాయి. మీరంతా ఫొటోలు దిగే శిలాతోరణం అలా అరిగి మిగిలిన రాయే.

మీ మన్ను కథా ఇలాంటిదే. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణమ్మ దారి పొడుగునా కొండల్నీ నేలల్నీ కోసుకుంటూ వచ్చి, హంసలదీవి దాకా పరిచింది. అంటే మీ వరి పండేది అరిగిన కొండల మీదే.

కాబట్టి అమ్మా, మొక్కుకుంటే మొక్కుకో, కానీ రాయిని నమ్ముకుని ఊరుకోకు. మీ కృష్ణా అభయారణ్యంలో మడచెట్లున్నాయి. ఉప్పెన జోరుకు అడ్డుపడేవి అవి. వాటి మీద గొడ్డలి పడకుండా చూడమని ఆ పిల్లాడికి చెప్పు.