అద్దెచీటి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: విద్వద్గద్వాల అని పేరుపడ్డ సీమ ఇది. సంస్థానం రోజుల్లో పండితులు వార్షికాల కోసం ఇటు నడిచి వచ్చేవారు. సంస్థానం పోయింది, 2016 అక్టోబరు 11న జోగుళాంబ గద్వాల జిల్లా వచ్చింది. కవిత్వం మాత్రం ఎక్కడికీ పోలేదు, జీతాల బిల్లుల్లోకి మకాం మార్చింది. జనవరి, ఫిబ్రవరి వచ్చాయంటే మల్దకల్ వంటి మండల కేంద్రాల్లో బడి అయినా ఆఫీసు అయినా ఐటీ ఫారాలతో, పన్ను మినహాయింపు కోసం వాటికి గుచ్చే అద్దె చీటీలతో కళకళలాడుతుంది. ఆ రుతువులో పుట్టిందే ఈ ఆటవెలది. కర్త పేరు చెప్పం. చెబితే ఆయన ఫిబ్రవరి జీతం ఆగుతుంది.

మూలం:

అత్తయింట నుండి యద్దె గట్టితినంచు
నొక్క కలముతోడ నొక్క రాత్రి
ఏటికైన చీటులెల్ల వ్రాసినవాని
పట్ట నెవరి తరము పద్దురాజ!

ప్రతిపదార్థం: పద్దురాజ = ఓ డీడీవో గారూ (జీతం బిల్లు మీద సంతకం పెట్టే హెడ్మాస్టరు గానీ, ఎంఈవో గానీ, ఎంపీడీవో గానీ); అత్తయింటన్ ఉండి = అత్తగారింట్లో రెండు పూటలా భోంచేస్తూ; అద్దె గట్టితిన్ అంచున్ = నెలనెలా అద్దె చెల్లిస్తున్నానని; ఒక్క కలముతోడన్ = బ్లూ బాల్‌పెన్నుతో; ఒక్క రాత్రి = ఫారాలు ఇవ్వాల్సిన ఆఖరి తేదీకి ముందు రాత్రి; ఏటికైన చీటులెల్లన్ = ఏప్రిల్ మొదలు మార్చి దాకా పన్నెండు రసీదులనూ; వ్రాసినవానిన్ = రాసి జతచేసిన ఉద్యోగిని; పట్టన్ = పట్టుకోవడం; ఎవరి తరము = ఎవరికి సాధ్యం?

విశేషాలు: రాత్రి, ఏటి అన్న మాటల మధ్య సంధి లేదు. ఇది దోషమని లాక్షణికులు అంటారు గానీ, ఒక్క రాత్రికీ పన్నెండు నెలలకూ సంధి ఎట్లా కుదురుతుంది? కవి తెలిసే వదిలేశాడు. ‘ఎల్లన్’ అనడంలో ఇంకో చమత్కారం. ఫారం జనవరిలో ఇస్తున్నాడు, మార్చి అద్దె ముట్టినట్టు మామగారు అప్పుడే సంతకం పెట్టేశారు. ఇలాంటి త్రికాలజ్ఞత పురాణాల్లో ఋషులకే ఉండేది.

నగదుగా 5,000 దాటి పుచ్చుకుంటే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. కవి అంటించాడు. ఓపికున్న డీడీవో ఆ పన్నెండు చీటీలనూ బల్ల మీద వరసగా పేర్చి చూస్తే, ఏప్రిల్ స్టాంపు చిరుగు పళ్లు మే స్టాంపు పళ్లలో సరిగ్గా ఇముడుతాయి, మేది జూన్‌లో. పన్నెండూ ఒకే షీటు నుంచి ఒకే పూట చింపినవి.

ధ్వని: పద్యంలో ఎక్కడా అంకె లేదు. అయినా చెవి ఉన్నవాడికి 8,333 వినిపిస్తుంది. ఏటి అద్దె లక్ష రూపాయలు దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు రాయాలి. 8,333ను పన్నెండుతో హెచ్చిస్తే 99,996. లక్షకు నాలుగు రూపాయలు తక్కువ. ఈ అంకె హైదరాబాదు నుంచి అలంపురం దాకా ఎన్ని రసీదుల మీద వెలిసిందో లెక్కలేదు. యజమానులంతా కూడబలుక్కుని ముప్పైమూడు రూపాయల దగ్గర బేరం తెంపినట్టుంటుంది.

ఈ ధ్వనికి ఫలమెంతో చూద్దాం. మల్దకల్‌లో పనిచేసేవారికి 2020 వేతన సవరణ (పీఆర్సీ) ప్రకారం ఇంటి అద్దె భత్యం, అంటే హెచ్‌ఆర్‌ఏ, మూలవేతనంలో 11 శాతం. ఒక సారుకు మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 80,000, హెచ్‌ఆర్‌ఏ 6,800 అనుకోండి. మినహాయింపు మూడింటిలో ఏది తక్కువైతే అది: వచ్చిన హెచ్‌ఆర్‌ఏ, జీతంలో 40 శాతం, కట్టిన అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేయగా మిగిలింది. 8,333లోంచి 8,000 పోతే 333. ఏడాదికి 3,996. ఇరవై శాతం శ్లాబులో సెస్సుతో కలిపి మిగిలే పన్ను 831 రూపాయలు. రాత్రంతా మేలుకుని, మామగారి చేత పన్నెండుసార్లు సంతకం పెట్టించి, పన్నెండు స్టాంపులు కొని కవి సంపాదించింది ఇంతే. హెచ్‌ఆర్‌ఏ మొత్తానికీ మినహాయింపు రావాలంటే నెలకు 14,800 అద్దె చూపాలి. మల్దకల్‌లో ఆ డబ్బుకు ఇల్లేమిటి, వీధే ఇస్తారేమో. పైగా అప్పుడు మామగారి పాన్ తప్పదు, ఆ అద్దె ఆయన ఆదాయంలోనూ కనబడాలి.

పూర్వపక్షం: ‘ఎవరి తరము’ అన్నాడు గనుక పట్టుకోవడం డీడీవో పని కాదని కొందరి వ్యాఖ్య. వీరు 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పును, లార్సెన్ అండ్ టూబ్రో కేసును, చూపిస్తారు. ప్రయాణ భత్యాలకు ఉద్యోగి దగ్గర బిల్లులు వసూలు చేసే బాధ్యత జీతమిచ్చే యజమానిది కాదని అందులో ఉన్న మాట నిజమే.

సిద్ధాంతం: ఆ వ్యాఖ్య పాతబడింది. 2015 జూన్ 1 నుంచి అప్పటి 1961 ఆదాయపు పన్ను చట్టం 192వ సెక్షన్‌లో 2డి అనే ఉపవిభాగం చేరింది. జీతం ఇచ్చేవారు మినహాయింపులకు ఆధారం తీసుకునే తీరాలి. మరుసటేడు జూన్ 1న ఆ ఆధారానికి 12బీబీ అనే ఫారం వచ్చింది. కాబట్టి డీడీవో పోలీసు కానక్కర్లేదు, స్టాంపుల పళ్లు సరిచూడనక్కర్లేదు. అడిగితే చాలు.

“అందరూ పెడుతున్నరు గద సార్.”

“మీరూ పెట్టండి సార్. అగ్రిమెంటు, మీ మామకు పైసలు పంపిన బ్యాంకు పేజీ గూడ పెట్టండి.”

మామగారికి నిజంగా అద్దె కట్టేవాడుంటే ఈ రెండూ ఉంటాయి, ఆ మినహాయింపు న్యాయమైనదే, ఇవ్వాలి. లేనివాడు మల్దకల్ తిమ్మప్ప మీద ఒట్టేస్తాడు. ఆయన ఆదిశిలా క్షేత్రంలో వేసిన ఒట్టయినా ఆధారం కాదు. స్టాఫ్‌రూములో నలుగురి ముందూ నిలదీయడం మాత్రం మా మతం కాదు. రసీదులు తిరిగిచ్చి, అద్దె కాలమ్‌లో సున్నా వేసి, పన్ను కోస్తే సరి. తన మాటే నిజమైతే అతను రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవచ్చు. తెలిసీ కళ్లు మూసుకుని సంతకం పెడితే, తక్కువ కోసిన పన్నూ నెలకు ఒక శాతం వడ్డీ డీడీవో మెడకు చుట్టుకోవచ్చు.

ఇక పట్టేవాడు ఎవరంటే, కంప్యూటరు. 2025 జులై 14న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) దేశమంతటా బూటకపు మినహాయింపుల తనిఖీ మొదలుపెట్టింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే సుమారు 40,000 మంది రిటర్నులు సవరించి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. దొంగ క్లెయిములు వేయించుకున్నవారిలో ప్రభుత్వ సంస్థల, విద్యాసంస్థల ఉద్యోగులూ ఉన్నారని ఆ ప్రకటనలోనే ఉంది. దొరికితే జరిమానా ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు.

తాత్పర్యం: ఓ డీడీవో గారూ! అత్తవారింట ఉంటూ అద్దె చీటీలు అల్లేవాణ్ని పట్టడం ఎవరి తరం అని భావం. అయితే 2025-26 నుంచి ఈ పద్యానికి సందర్భమే సడలింది. కొత్త పన్ను పద్ధతిలో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను లేదు. అందులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపూ లేదు, రసీదుల ఊసూ లేదు. ఏమీ చెప్పకపోతే వర్తించేదీ అదే పద్ధతి. పైన లెక్కవేసిన సారు ఏటి ఆదాయం 10.41 లక్షలు, కొత్త పద్ధతిలో పన్ను సున్నా. 831 మిగుల్చుకోవాలంటే ముందు కోరి పాత పద్ధతికి వెళ్లాలి. అక్కడ స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పొదుపుల కింద లక్షన్నర తీసేసినా 80 వేల పైచిలుకు పన్ను కట్టాలి. అయినా పాత పద్ధతికే టిక్కు పెట్టి, పన్నెండు చీటీలు గుచ్చి తెచ్చే కవి ఉంటాడు. ఎందుకని అడిగితే “ఏటా ఇట్లనే ఇస్తున్నం సార్” అంటాడు. అతని ముందు రెండు పద్ధతుల లెక్కా వేసి చూపించి, ఆ టిక్కు కొట్టేయించడం డీడీవో పని.