‘మాకాడ’ యాత్రికుడు

దక్షిణ స్పెయిన్‌లో మూర్లు ఏలిన పాత పట్టణాలను చూడవచ్చే తెలుగువాళ్ళలో ‘మాకాడ’ యాత్రికుడిది ఒక ప్రత్యేకమైన రకం. దొరవారిసత్రం, నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రాంతాల్లో చెరువు కింద నాలుగెకరాలు సాగుచేసి, పిల్లల్ని చెన్నైలో చదివించి, అరవై దాటాక ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో కూతురి దగ్గరికి చేరినవాడు సాధారణంగా ఈ రకం కిందికి వస్తాడు. స్పెయిన్ చూడాలని అతను అనుకోలేదు. కూతురు టికెట్లు తీసేసింది, డబ్బులు వెనక్కి రావు, అందుకని బయలుదేరతాడు. ఏ మాటైనా ‘మాకాడ’ అని ఎత్తుకోవడం ప్రధాన లక్షణం. ఎదురుగా ఉన్నదాన్ని ఊళ్ళో ఉన్నదానితో తూచి, తరుగు తీసి, మిగిలినదాన్నే ఒప్పుకుంటాడు.

ఐరోపా అంటే మంచు అన్న నమ్మకంతో ఇతను తెచ్చుకున్న మంకీ టోపీ జులై కోర్డోబాలో సంచి దాటి బయటికి రాదు. అక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. జర్మన్లు, ఇంగ్లీషువాళ్ళు గోడల నీడ పట్టుకుని నడుస్తుంటే, ఇతను మాత్రం నడివీధిలో చేతులు వెనక్కి కట్టుకుని పోతాడు. రోహిణి కార్తెలో వడ్లు ఎండబోసినవాడికి ఇది ఎండ కిందికి రాదు. మధ్యాహ్నం అంగళ్ళు మూసేసి ఊరంతా కునుకు తీసే పద్ధతిని మాత్రం ఒక్క తరుగూ లేకుండా ఒప్పుకుంటాడు. రాత్రి తొమ్మిదికి గానీ భోజనం పెట్టని పద్ధతిని క్షమించడు.

కోర్డోబా పెద్ద మసీదులో నేటికీ ఎనిమిది వందల యాభైకి పైగా స్తంభాలున్నాయి. చాలావరకు పాత రోమన్, విసిగోత్ కట్టడాల నుంచి తెచ్చి నిలిపినవి. అవి పొట్టివి కావడంతో, కప్పు ఎత్తుగా రావడానికి కమాను మీద కమాను కట్టారు. గైడు ఈ సంగతికి వచ్చేలోపే ‘మాకాడ’ యాత్రికుడు తేల్చేసి ఉంటాడు: “పాత దూలాలు అబ్బయ్యా. మాకాడ కూడా ఇల్లు విప్పితే పారెయ్యరు.” తర్వాత 16వ శతాబ్దంలో మసీదు నడుమ చర్చి లేచింది. దానికి అనుమతించిన చక్రవర్తి ఐదో చార్లెస్ తీరా చూశాక నొచ్చుకున్నాడని చెబుతారు. ఇతను నొచ్చుకోడు. అన్నదమ్ముల పంపకాలు చాలా చూసినవాడు.

నిజానికి ఈ రకానికి కోర్డోబాలో ఆద్యుడు ఆ మసీదు కట్టించినవాడే. మొదటి అబ్ద్ అల్ రహ్మాన్ సిరియాలో తన వంశాన్ని నరికేస్తుంటే తప్పించుకుని వచ్చి, 756లో ఇక్కడ రాజ్యం స్థాపించాడు. రాజ్యం దక్కినా మనసు సిరియాలోనే ఉండిపోయింది. ఊరి బయట కట్టుకున్న తోటకు సిరియాలో తాత గారి విడిది రుసాఫా పేరే పెట్టుకున్నాడు. పరాయి నేలలో ఒంటరిగా ఉన్న ఖర్జూరపు చెట్టుతో ఆయన గోడు చెప్పుకున్నట్టు ఒక పద్యం కూడా ఉంది. గైడు ఈ కథ చెబుతున్నంతసేపూ ‘మాకాడ’ యాత్రికుడు మొదటిసారి నోరెత్తడు. కూతురు ఇది గమనించి కంగారుపడి మంచినీళ్ళ సీసా అందిస్తుంది.

గ్రనడాలోని అల్‌హంబ్రా కోటకు టికెట్ ముందే తీసుకోవాలి. నస్రీద్ వంశపు రాజమందిరాల్లోకి వెళ్ళే గంట కూడా టికెట్ మీదే ఉంటుంది, దాటితే లోపలికి రానివ్వరు. ఇతను గంట ముందే గేటు దగ్గర ఉంటాడు. ఆ గంటలో టికెట్ ధరను యూరోల నుంచి రూపాయల్లోకి, రూపాయల నుంచి పుట్ల వడ్లలోకి మార్చి, వచ్చిన అంకెను భార్యకు చెప్పి ఆమె ఉత్సాహం కూడా తగ్గిస్తాడు.

లోపల అందరూ తలెత్తి గోడల మీది నగిషీలు, చెక్కిన అరబ్బీ పద్యాలు చూస్తారు. ఇతని చూపు నేల మీద పారే సన్నకాలువను వదలదు. పన్నెండు పాలరాతి సింహాల కొలను దగ్గర అడిగేది ఒక్కటే: “మోటారు యాడుంది?” అక్కడ ఆ కాలంలో మోటారు లేదు. 1238లో కోట పని మొదలుపెట్టిన మొదటి నస్రీద్ సుల్తాను, డారో నదికి సుమారు ఆరు కిలోమీటర్ల ఎగువన అడ్డుకట్ట వేయించి, కొండ పక్కనే వాటం చూసి కాలువ తవ్వించి నీళ్ళు తెచ్చాడు. నది లోయలో ఉంది, కోట కొండ మీద. ఎగువ నుంచి ఎత్తు పోగొట్టుకోకుండా తేవడమే అందులోని పనితనం. ఇది విన్నాక ఇతన్ని రాజమందిరంలో నిలబెట్టడం కష్టం. పొదల మధ్య పొడవాటి కొలను దగ్గర గట్టు చుట్టూ తిరుగుతూ కలుజు కోసం వెతుకుతాడు. నిండినప్పుడు నీళ్ళు ఎటు పోతాయో తెలిస్తేగానీ కదలడు. 1492 జనవరి 2న చివరి సుల్తాను కోట తాళాలు అప్పగించి వెళ్ళిన ఘట్టం గైడు గొంతు తగ్గించి చెప్పేటప్పటికి ఇతను అక్కడ లేడు, తూము చూడటానికి పోయాడు. కొంచెం మొండితనమే గానీ, ఆ గుంపులో అల్‌హంబ్రా ఎలా బతికిందో అర్థమైనవాడు ఇతనొక్కడే.

సెవిల్‌లో పని తొందరగా అయిపోతుంది. మసీదు మీనారుగా మొదలై చర్చి గంటల గోపురమైన గిరాల్డా పైకి మెట్ల బదులు ముప్ఫయ్యైదు వాలుదారులున్నాయి, మోకాళ్ళ తరఫున అభినందిస్తాడు. వీధుల్లో చెట్లకున్న నారింజలను ఎవరూ కోసుకోకపోవడం చూసి జనం అమాయకత్వానికి జాలిపడి ఒకటి కొరుకుతాడు. అవి చేదు నారింజలు, ఇంగ్లీషువాళ్ళ మార్మలేడుకే పనికొస్తాయి. గూడూరు నిమ్మకాయ గొప్పదనం మీద ఉపన్యాసం హోటల్ దాకా సాగుతుంది. అరబ్బుల కాలంలో ఈ దేశంలో పాతుకున్న వరి నేడు సెవిల్ దిగువన విస్తారంగా పండుతుందని తెలిసి ఉప్పొంగినా, పళ్ళెంలో పయేయా చూసి “పలుకుంది” అని తోసేస్తాడు.

మాలగా దగ్గరి ఫుయెంతె దె పియెద్రా సరస్సులో ఫ్లెమింగోలు గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఇతని ఊరి దగ్గరి పులికాట్ సరస్సుకు వచ్చేవి మేత మేసి వెళ్ళిపోతాయి. కూతురు ఈ తేడా ఎత్తిచూపితే సమాధానం సిద్ధం: “మాకాడికి అల్లుళ్ళ మాదిరి వస్తాయి పాపా. కాన్పులకి నేలపట్టులో గూడబాతులు లేవా?” పక్కన ఉన్న అల్లుడు ఈ మాటకు ఫోన్ చూసుకుంటాడు.

ఇతను నోరు తెరిచి అడిగే కోరిక యాత్ర మొత్తానికీ ఒక్కటే ఉంటుంది, అదీ ఆఖరి రోజున, గైడు మాటవరసకు వలెన్సియా నీటి న్యాయస్థానం సంగతి చెప్పినప్పుడు. మూర్ల కాలం నాటిదని చెప్పుకునే ఆ సభ ఇప్పటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండుకు చర్చి వాకిట్లో కూర్చుంటుంది. కాలువ రైతులు ఎన్నుకున్న ఎనిమిది మంది నల్లని అంగీలతో వస్తారు. వకీళ్ళు, కాగితాలు లేవు. నీళ్ళు ఎవరు మళ్ళించుకున్నారో నోటిమాటతోనే విచారించి అప్పటికప్పుడే తీర్పు చెబుతారు. 2009లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. ‘మాకాడ’ యాత్రికుడు గైడు చేత ఇదంతా రెండుసార్లు చెప్పించుకుని, అది చూసే ఊరికి పోదామంటాడు. విమానం బుధవారానికి.