తోటి పెళ్లికొడుకు తాళి కడతాడా?

ప్రతి సర్వర్ రూమ్‌లోనూ ఒక తోటి పెళ్లికొడుకు ఉంటాడు. పేరు స్టాండ్‌బై. అసలు పెళ్లికొడుక్కి కుట్టించిన బట్టలే వాడికీ కుట్టిస్తారు, పక్కనే పీట వేస్తారు, బుగ్గన చుక్క పెడతారు, ఫొటోలో ముందు వరసలో కూర్చోబెడతారు. ముహూర్తం వేళకి అసలువాడు కళ్లు తిరిగి పడిపోతే తాళి వీడి చేతికిస్తారా, ఇస్తే కడతాడా అని పెళ్లిలో ఎవరూ అడగరు. అడగక్కర్లేదు కూడా. సర్వర్ రూమ్‌లోనూ ఎవరూ అడగరు. అక్కడ మాత్రం వాణ్ణి తెచ్చిందే ఆ పనికి.

శాస్త్రం సులువే. ఒకే పని తెలిసిన రెండు మెషీన్లు. ఒకటి యాక్టివ్, గానుగెద్దులా తిరుగుతుంటుంది. రెండోది స్టాండ్‌బై, కరెంటు తింటూ కూర్చుంటుంది. రెండింటి మధ్యా ఒక తీగ మీద క్షణక్షణం పలకరింపు: ఉన్నావా? ఉన్నా. ఉన్నావా? ఉన్నా. దీన్నే హార్ట్‌బీట్ అంటారు. నాలుగు పిలుపులకి పలక్కపోతే అవతలిది పోయినట్టే లెక్క. రెండోది లేచి, దాని ఐపీ అడ్రసు తనది చేసుకుని, దాని డిస్కు తగిలించుకుని పని అందుకోవాలి. అది ఫెయిలోవర్.

కూర్చోవడంలోనూ అంతస్తులున్నాయి. కోల్డ్ స్టాండ్‌బై అంటే అటక మీద పరుపు. చుట్టమొచ్చాక నిచ్చెన వెతకాలి. వార్మ్ అంటే కిందకి దించి దుమ్ము దులిపిన పరుపు. హాట్ అంటే దుప్పటి పరిచి, దిండు వేసి, ఫ్యాను కూడా తిప్పి ఉంచిన మంచం. కొటేషన్‌లో హాట్ అని ఉంటుంది, బిల్లులో హాట్ అని ఉంటుంది. అర్ధరాత్రి చుట్టమొచ్చి తలుపు కొట్టినప్పుడు చూస్తే పరుపు అటక మీదే ఉంటుంది.

నేను వెనకటికి పనిచేసిన ఓ ఆఫీసు ముచ్చట చెబుతాను. పేరు వద్దు. రెండు మెషీన్లు, వాటి మీద కాపలాకి పేస్‌మేకర్ అనే క్లస్టర్ సాఫ్ట్‌వేర్. ఓ రాత్రి రెండు దాటాక యాక్టివ్ పోయింది. పోతే పోయింది, రెండోది ఉందిగా అని ఫోన్ తీశాను. అవతల షిఫ్టులో ఉన్న కుర్రాడు.

"అన్నా, మొత్తం డౌన్ అన్నా."

"రెండోది ఏమైంది?"

"స్టాండ్‌బైలోనే ఉందన్నా."

"మరి లేవలేదేం?"

"స్టాండ్‌బైలో ఉంది కదన్నా, అందుకే."

నిద్రమత్తులో ఆ జవాబు వెటకారంలా వినిపించి కుర్రాణ్ణి రెండు మాటలన్నాను. పాపం, వాడు అక్షరాలా నిజం చెప్పాడు. పేస్‌మేకర్ నిఘంటువులో స్టాండ్‌బై అంటే 'సిద్ధంగా ఉంది' అని కాదు, 'దీని మీద ఏ పనీ పెట్టొద్దు' అని. రిపేరుకో ప్యాచ్‌కో మెషీన్‌ని పక్కన పెట్టే మోడ్ అది. పని అయ్యాక 'అన్‌స్టాండ్‌బై' అని కమాండ్ కొడితే తప్ప లైన్లోకి రాదు. మూడు నెలల కిందట ఎవరో ప్యాచ్ వేయడానికి పక్కన పెట్టారు, టీకి వెళ్లారు, కమాండ్ మరిచారు. అప్పట్నుంచీ రోజూ పొద్దున రిపోర్టులో 'నోడ్ టూ: స్టాండ్‌బై' అని వస్తూనే ఉంది. మా మేనేజర్‌గారు దాని పక్క గడికి ఆకుపచ్చ రంగు వేయించారు. ఆహా, రెండోవాడు సిద్ధం! తొంభై రోజులు క్లస్టర్ 'నేను సెలవులో ఉన్నాను' అని లిఖితపూర్వకంగా చెబుతుంటే, తొంభై రోజులూ మేం దానికి హాజరు వేశాం.

ఇదంతా మన దగ్గరే, క్రమశిక్షణ గల దేశాల్లో జరగదు అనుకునే పెద్దమనుషులు టోక్యో వైపు ఓసారి చూడాలి. 2020 అక్టోబర్ 1 పొద్దున అక్కడి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఒక డిస్కు పరికరంలో మెమరీ చెడింది. చెడటం నేరం కాదు, పక్కనే రెండోది ఉంది. దాని మీదకి దానంతటదే మారాలి. మారలేదు. కారణం, ఆ రకం లోపానికి మారే సెట్టింగు ఆఫ్‌లో ఉంది. ఆఫ్‌లో ఉన్నా మారుతుందని మాన్యువల్‌లో రాసి ఉంది. మాన్యువల్ తప్పు. ప్రపంచంలోని అతి పెద్ద బజార్లలో ఒకటి ఆ రోజంతా షట్టరు ఎత్తలేదు. 1999లో లావాదేవీలు పూర్తిగా కంప్యూటర్ల మీదకి వచ్చాక రోజంతా మూతపడటం అదే మొదలు. ఎక్స్ఛేంజ్ అధ్యక్షుడు కోయిచిరో మియహారా ఆ నవంబరులో రాజీనామా చేశారు. ఆ పని మన దగ్గరైతే మాన్యువల్ చేత చేయించేవాళ్లం.

సెట్టింగు ఆన్‌లో ఉంటే గండం గట్టెక్కినట్టేనా? 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. అందులో దిక్కు చెప్పే యంత్రాలు రెండు: ఒకటి యాక్టివ్, ఒకటి హాట్ స్టాండ్‌బై. ఒకే హార్డ్‌వేర్, ఒకే సాఫ్ట్‌వేర్, అందుకని ఒకే తప్పు. 16 బిట్ల చెంబులో 64 బిట్ల బిందె నీళ్లు పోశారు. ముందు పోయింది స్టాండ్‌బై! దాని వెనకాలే, సెకనులో పదో వంతు కూడా గడవకుండా, యాక్టివ్ పోయింది. మారదామని కంప్యూటర్ పక్కకి తిరిగితే అక్కడ అప్పటికే శవం. ఎగిరిన దాదాపు 40 సెకన్లకి రాకెట్ ముక్కలైంది. ఒకే వంటవాడు వండిన సాంబారు రెండు గిన్నెల్లో పోసి, ఒకటి పులిస్తే రెండోది పోసుకుందాం అనుకోవడం ఇది. మన ఆఫీసుల్లో రెండు నోడ్ల మీదా ఒకే రాత్రి ఒకే ప్యాచ్ వేసే మహానుభావులకు ఈ కథ ఎవరైనా చెప్పాలి.

ఇక అసలు తమాషా ఇద్దరూ బతికే ఉన్నప్పుడు. మధ్యలో తీగ తెగింది, అంతే. వాడు పోయాడని వీడు, వీడు పోయాడని వాడు. ఇద్దరూ తాళి పట్టుకుని లేస్తారు. దీనికి స్ప్లిట్ బ్రెయిన్ అని పేరు. మన పద్యనాటకాలవాళ్లు ఈ చిక్కు ఎప్పుడో తేల్చుకున్నారు. రాయబారం నాటకంలో పడక సీనుకి ఒక కృష్ణుడు, సభ సీనుకి ఇంకో కృష్ణుడు. రాగం బాగుందని చప్పట్లు కొట్టి వన్స్‌మోర్ అన్నా సరే, మొదటి కృష్ణుడు లోపలికి వెళ్లకుండా రెండో కృష్ణుడు స్టేజీ ఎక్కడు. క్లస్టర్లలో ఈ మర్యాదకి పెట్టుకున్న పేరు 'స్టోనిత్'. అక్షరాలు విప్పితే 'అవతలివాణ్ణి తలలో కాల్చు' అని అర్థం. అనుమానం వస్తే ముందు అవతలి మెషీన్ కరెంటు పీకి, తర్వాత నువ్వు లేవాలి. క్రూరంగా ఉంది కదా? అందుకే మా అహింసావాదులు ఇన్‌స్టాల్ చేసిన రోజే ఆ సెట్టింగు తీసేస్తారు. ఎర్రర్లు రావడం ఆగిపోతుంది. చూశారా, ఎంత సాఫీగా నడుస్తోందో అంటారు.

తీగ ఎంతసేపు తెగాలి? 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో 43 సెకన్లు తెగింది. ఆ కాస్తలో వాళ్ల ఆర్కెస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ అమెరికా తూర్పు తీరంలోని డేటాబేస్‌కి పెత్తనం తీసేసి పడమటి తీరానికి కట్టబెట్టింది. తూర్పున రాసినవి కొన్ని పడమటికి చేరలేదు, పడమట రాసినవి తూర్పున లేవు. ఏది ఎవరి లెక్కో తేల్చి సర్దేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అన్నదమ్ముల ఆస్తి పంపకాలు ఇంకా వేగంగా అవుతాయని అనలేను గానీ, 43 సెకన్ల గొడవకి అది కాస్త ఎక్కువే.

అందుకే డ్రిల్ చేస్తాం కదా అంటారు. ఆ డ్రిల్ నేను చూశాను. నెల ముందు మెయిల్, ఆదివారం పొద్దున ఆరు గంటలు, ఇడ్లీ వడ ఆఫీసు ఖర్చు. యాక్టివ్ మీద సర్వీసులన్నీ ఒక్కొక్కటే బుజ్జగించి ఆపుతారు, డేటా మొత్తం అవతలికి చేరిందని రెండుసార్లు చూసుకుంటారు, అప్పుడు స్టాండ్‌బైని లేపుతారు. ఒక్క కస్టమరూ రాకుండా పది నిమిషాలు నడిపి, మళ్లీ పడుకోబెట్టి, రిపోర్టు మీద నాలుగు సంతకాలు. చావుకి అంత మర్యాద ఎక్కడిది? అది మెయిల్ పెట్టి రాదు, సర్వీసులు వరసగా ఆపదు, ఆదివారమే రావాలని దానికి పట్టింపూ లేదు.

ఇక్కడ ఒకరిని మెచ్చుకోవాలి, వద్దన్నా తప్పదు. 2021 ఫిబ్రవరి 24న మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 11.40కి ఆగిపోయి మధ్యాహ్నం 3.45కి గానీ లేవలేదు. డిజాస్టర్ రికవరీ సైట్ ఉండి కూడా దాని మీదకి మారలేదు. కానీ 2024లో మార్చి 2, మే 18 శనివారాల్లో ప్రత్యేక సెషన్లు పెట్టి, సగం అసలు సైట్ నుంచీ సగం రికవరీ సైట్ నుంచీ నడిపారు. నిజం కొనుగోళ్లు, నిజం అమ్మకాలు, నిజం డబ్బు. తోటి పెళ్లికొడుకుని ఒక పూట నిజంగా పీటల మీద కూర్చోబెట్టారు.

మా ఆఫీసులో మాత్రం ఆ రాత్రి తర్వాత మీటింగులు మూడు జరిగాయి. రెండోదాన్ని లైన్లోకి తెచ్చే కమాండ్ ఒక్క ముక్క, కొట్టడానికి ఐదు సెకన్లు. దాన్ని రోజువారీ చెక్‌లిస్టులో చేరుద్దామని నేనన్నాను. అంత చిన్న పరిష్కారం మీటింగు స్థాయికి తగలేదు. ఒకాయన రెండింటినీ యాక్టివ్ చేసేద్దాం, ఖాళీగా కూర్చోబెట్టడం దండగ అన్నారు. చెరో అరవై శాతం మోస్తున్నాయి కదండీ, ఒకటి పోతే మిగిలినది నూట ఇరవై ఎలా మోస్తుంది అంటే, ఒకటి పోతుందని ఎందుకనుకుంటావయ్యా, పాజిటివ్‌గా ఆలోచించు అన్నారు. చివరికి స్టాండ్‌బైకి స్టాండ్‌బైగా మూడో మెషీన్ కొన్నారు.

దసరాకి వచ్చింది. ఆయుధపూజ రోజు మూడింటికీ వరసగా గంధం, కుంకుమ బొట్లు, బంతిపూల దండలు. గుమ్మం దగ్గర నిమ్మకాయ, గుమ్మడికాయ. మేనేజర్‌గారు హారతి పళ్లెంతో నవ్వుతున్న ఫొటో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఉంది. కాస్త జూమ్ చేస్తే, ఆయన మోచేతి వెనక మూడు మెషీన్ల పవర్ తీగలూ వెళ్లి ఒకే బోర్డులో దూరడం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ బోర్డుకీ కుంకుమ బొట్టు పెట్టారు.